పడిన చోటును ముందు చూడండి

ఆరోగ్య ప్రశ్నోత్తరాలు

ముసురు మొదలైన దగ్గర నుంచి కోనసీమ ఊళ్ల నుంచీ, పశ్చిమ డెల్టా నుంచీ మాకు వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే సంగతి గురించి ఉన్నాయి. ఇంట్లో పెద్దవారు పడ్డారని కొందరు, పసివాళ్లు పడ్డారని కొందరు రాశారు. అందుకని ఈ సంచికను పూర్తిగా ఆ ఉత్తరాలకే కేటాయిస్తున్నాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం పడిపోవడం వల్ల ఏటా సుమారు 6,84,000 మంది ప్రాణాలు కోల్పోతున్నారు. ప్రమాదవశాత్తూ జరిగే మరణాల్లో రోడ్డు ప్రమాదాల తరువాతి స్థానం దీనిదే. ఆ మరణాల్లో 80 శాతానికి పైగా మన దేశం వంటి అల్ప, మధ్య ఆదాయ దేశాల్లోనే సంభవిస్తున్నాయి. ఇంత పెద్ద విషయాన్ని మనం ఇళ్లలో "వయసు మీద పడింది", "అల్లరి ఎక్కువైంది" అనే రెండు మాటలతో ముగించేస్తున్నాం.

ప్రశ్న: మాది పాత మండువా ఇల్లు. మా అత్తయ్యగారికి 74 ఏళ్లు. నెల వ్యవధిలో రెండుసార్లు రాత్రిపూట దొడ్లోకి వెళ్తూ పడ్డారు. మొదటిసారి పడిన సంగతి మాకు చెప్పనే లేదు. మోచేతి మీద కమిలిన మచ్చ చూసి నేను గట్టిగా అడిగితే బయటపడింది. అదృష్టవశాత్తూ ఎముకలేవీ విరగలేదు. ఇక మంచం దిగవద్దని, అన్నీ మంచం దగ్గరకే అందిస్తామని మావారు అంటున్నారు. ఆవిడ చాలా నొచ్చుకుంటున్నారు. ఏం చేయమంటారు?
— ఒక పాఠకురాలు, కొత్తపేట మండలం

జవాబు: మీవారి ఆందోళన ప్రేమ వల్ల పుట్టిందే. అయితే ఆవిడను మంచానికి పరిమితం చేస్తే మూడోసారి పడే ప్రమాదం తగ్గకపోగా పెరుగుతుంది. పెద్ద వయసులో వారం పది రోజులు మంచం మీద ఉంటే చాలు, తొడ కండరాల బలం స్పష్టంగా తగ్గిపోతుంది. ఆ తరువాత ఆవిడ ఒక్కసారి లేచి నాలుగు అడుగులు వేయవలసి వచ్చినా కాళ్లు నిలబెట్టవు. పైగా, తిరగనివ్వరేమో అన్న భయంతోనే పెద్దలు పడిన సంగతి దాచిపెడతారు. మా అమ్మమ్మ కూడా అలాగే దాచింది. నూతి చప్టా మీద జారిపడిన సంగతి ఆవిడ ఎవరికీ చెప్పలేదు కాబట్టి ఆ పాచిని ఎవరూ గోకలేదు. నాలుగో వారంలో అదే చప్టా మీద మళ్లీ జారి తుంటి విరిగింది. అప్పటికి నేను వైద్య విద్యార్థిని. సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు ఆవిడ చేతి మీద మచ్చ నేనూ చూశాను, కానీ అడగలేదు. మీరు అడిగారు; అది చాలా మంచి పని. ఒకసారి పడినవారు మళ్లీ పడే అవకాశం దాదాపు రెట్టింపు ఉంటుంది కనుక, దెబ్బ తగలకపోయినా మొదటిసారి పడిన రోజే విచారణ మొదలుపెట్టాలి.

ఆ విచారణను పడిన చోటు నుంచి ప్రారంభించండి. ఒక రాత్రి దీపాలన్నీ ఆర్పి, అత్తయ్యగారి మంచం మీద కూర్చుని, ఆవిడ వెళ్లే దారిలోనే దొడ్డి వరకు మీరు నడిచి చూడండి. దోమతెర అంచు పాదాలకు చుట్టుకుంటోందా, స్విచ్చి మంచం మీద నుంచి అందుతోందా, తలుపు దగ్గర కాళ్లు తుడుచుకోవడానికి మడిచి వేసిన పాత చీర జారుతోందా, మండువాలో పడిన వాన నీరు వసారా అంచు దాకా చిమ్ముతోందా, ఇవన్నీ మీకే తెలిసిపోతాయి. మన ఇళ్లలో గడపకు పసుపు రాసి బొట్లు పెట్టడం వల్ల పగటి పూట అది కంటికి బాగా ఆనుతుంది. మండువాలోకి దిగే మెట్టుకూ, దొడ్డిగుమ్మం బయటి మెట్టుకూ అటువంటి గుర్తు ఏదీ ఉండదు. నేల ఎక్కడ ముగిసి మెట్టు ఎక్కడ మొదలవుతుందో చూపు మందగించిన కంటికి తెలియదు. ఆ మెట్ల అంచున రెండు అంగుళాల వెడల్పున పసుపుపచ్చ రంగు గీత వేయించండి. మంచం నుంచి దొడ్డి వరకు రాత్రంతా వెలిగే చిన్న దీపాలు రెండు మూడు పెట్టించండి. కరెంటు పోయే రోజుల కోసం దిండు పక్కన టార్చిలైటు ఉంచండి.

పాచి గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే డెల్టా ఇళ్లలో ఇదే అన్నిటికంటే మొండి శత్రువు. వర్షాకాలంలో వారానికి ఒకసారి బ్లీచింగ్ పౌడరు నీళ్లలో కలిపి చప్టా మీద పోసి, కాసేపు నాననిచ్చి, గట్టి బ్రష్షుతో రుద్ది కడిగేయాలి. మరుగుదొడ్లు కడిగే యాసిడ్‌ను దానితో ఎన్నడూ కలపకూడదు. ఊపిరితిత్తులను దెబ్బతీసే విషవాయువు వెలువడుతుంది. దొడ్డి దూరంగా ఉంటే రాత్రి వేళ వాడుకునేందుకు గదిలోనే కమోడ్ కుర్చీ పెట్టడం మంచిది. ఇందులో చిన్నతనమేమీ లేదని ఆవిడకు మెల్లగా నచ్చజెప్పండి. స్నానాల గదిలోనూ, మరుగుదొడ్డిలోనూ గోడకు ఇనుప లేదా స్టీలు కడ్డీలను బోల్టులతో బిగించండి. తువ్వాలు వేసుకునే కడ్డీ మనిషి బరువును ఆపలేదు.

తరువాత ఆవిడను వైద్యుని దగ్గరకు తీసుకువెళ్లి, పడిన సంగతి దాచకుండా చెప్పి, నాలుగు విషయాలు చూడమని అడగండి: పడుకున్నప్పుడూ లేచి నిలబడ్డాకా రక్తపోటు ఎంత, వాడే మందులు ఏవి, కంట్లో శుక్లం ఉందా, రాత్రి అన్నిసార్లు మూత్రానికి లేవడానికి కారణం ఏమిటి. ఈ చివరి ప్రశ్నను చాలామంది అడగరు. మధుమేహం అదుపులో లేకపోవడం, మూత్రంలో ఇన్‌ఫెక్షన్, నీరు తీసే మాత్రను సాయంత్రం వేసుకోవడం వంటి సరిచేయగలిగిన కారణాలు తరచుగా కనిపిస్తాయి. శుక్లం ఉంటే వాయిదా వేయవద్దు. బ్రిటన్‌లో 70 దాటిన మహిళలపై జరిపి 2005లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, మొదటి కంటి శుక్లం తొందరగా తీయించుకున్నవారు పడటం సుమారు మూడో వంతు తగ్గింది.

ఇక అన్నిటికంటే ముఖ్యమైనది కాళ్ల బలం. వీపు ఆనించుకోగల గట్టి కుర్చీని గోడకు ఆనించి, ఆవిడను చేతులు గుండెల మీద పెట్టుకుని కూర్చోమనండి. మీరు పక్కనే నిలబడి, 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలరో లెక్కపెట్టండి. 70 నుంచి 74 ఏళ్ల మహిళ 10 కంటే తక్కువసార్లు, పురుషుడు 12 కంటే తక్కువసార్లు లేవగలిగితే పడే ప్రమాదం ఎక్కువని అర్థం. సంతోషించదగిన విషయం ఏమిటంటే, ఈ పరీక్షే వ్యాయామం కూడా. మొదట చేతుల ఆసరాతో, తరువాత ఆసరా లేకుండా రోజుకు రెండు పూటలా లేచి కూర్చోవడం, వంటింటి గట్టు పట్టుకుని మునివేళ్ల మీద లేవడం, ఒక పాదం ముందు మరో పాదం పెట్టి నిలబడటం అభ్యాసం చేయించండి. 100కు పైగా పరీక్షలను కలిపి పరిశీలించి 2019లో వెలువడిన ఒక సమీక్షలో, వ్యాయామం చేసిన వృద్ధులు పడటం దాదాపు నాలుగో వంతు తగ్గిందని తేలింది. ఏ మాత్రకూ ఇంతటి ఫలితం లేదు. మూడు నెలలు విడవకుండా చేస్తే ఆవిడ నడకలో మీకే తేడా తెలుస్తుంది.

ప్రశ్న: నేను విశ్రాంత ఉపాధ్యాయుణ్ని, వయసు 71. రక్తపోటుకు రెండు మాత్రలు, ప్రోస్టేటుకు ఒకటి, నిద్రకు ఒకటి వాడుతున్నాను. తెల్లవారుజామున లేవగానే కళ్లు తిరిగి రెండుసార్లు గోడ పట్టుకుని ఆగాను. మాత్రలు మానేయవచ్చా?
— పాలకొల్లు పాఠకులు

జవాబు: మాస్టారూ, మీ అంతట మీరు దేనినీ మానవద్దు. కానీ మీ అనుమానం సరైనదే. పడుకున్న మనిషి లేచి నిలబడగానే అర లీటరుకు పైగా రక్తం కాళ్లలోకీ, పొట్టలోకీ దిగుతుంది. వయసులో ఉన్నవారి రక్తనాళాలు వెంటనే బిగుసుకుని మెదడుకు రక్తం తగ్గకుండా చూస్తాయి. వయసు పెరిగిన కొద్దీ ఆ స్పందన మందగిస్తుంది. రక్తపోటు మందులు, ప్రోస్టేటుకు వాడే టామ్సులోసిన్, ప్రాజోసిన్ వంటివి దాన్ని ఇంకా మందగింపజేస్తాయి. లేచిన మూడు నిమిషాల లోపు పై రక్తపోటు 20 గానీ, కింది రక్తపోటు 10 గానీ పడిపోతే దానికి చికిత్స అవసరం. పడుకుని ఒకసారి, నిలబడిన నిమిషానికి ఒకసారి, మూడు నిమిషాలకు ఒకసారి రక్తపోటు చూసి, వారం రోజులు ఒక కాగితం మీద రాసి మీ వైద్యునికి చూపించండి. మాత్ర మార్చడమో, మోతాదు తగ్గించడమో, వేసుకునే వేళను మార్చడమో ఆయన నిర్ణయిస్తారు.

నిద్రమాత్ర గురించి మాత్రం నేను నిక్కచ్చిగా చెబుతాను. ఆల్ప్రజోలం, క్లోనజెపాం వంటి మాత్రలు 65 దాటినవారిలో పడటానికీ, తుంటి విరగడానికీ పేరుమోసిన కారణాలు. మత్తు తెల్లవారినా పూర్తిగా దిగదు. ఎన్నో ఏళ్ల క్రితం ఏదో బాధలో ఉన్నప్పుడు రాసిన చీటీనే మందుల దుకాణంలో చూపించి నేటికీ కొంటున్నవారు నా దగ్గరకు వారానికి ఒకరైనా వస్తారు. వీటిని ఉన్నట్టుండి ఆపితే వణుకు, నిద్రలేమి, ఒక్కోసారి మూర్ఛ కూడా వస్తాయి కనుక వైద్యుని పర్యవేక్షణలో వారాల తరబడి కొద్దికొద్దిగా తగ్గించుకోవాలి. జలుబుకు వాడే కొన్ని మాత్రలు కూడా మత్తు కలిగిస్తాయని గుర్తుంచుకోండి. ఈలోగా నిద్ర లేవగానే మంచం మీదే పాదాలను పదిసార్లు పైకీ కిందికీ ఆడించి, ఒక నిమిషం కూర్చుని, ఆ తరువాత మంచం పట్టెను పట్టుకుని నిలబడండి. మూత్ర విసర్జన కూర్చునే చేయండి. దూరమూ దగ్గరా కలిపి ఉన్న కళ్లద్దాలైతే, మెట్లు దిగేటప్పుడు కింది భాగంలోంచి చూడటం వల్ల మెట్టు మసకగా కనిపిస్తుంది. బయట తిరగడానికి దూరపు చూపు అద్దాలు విడిగా చేయించుకోండి.

ప్రశ్న: మా పాపకు పది నెలలు. మొన్న పట్టెమంచం మీద నుంచి పడి నుదుటి మీద బొప్పి కట్టింది. గుక్కపట్టి ఏడ్చి తరువాత ఆడుకుంది. నిద్రపోనివ్వకూడదని మా అత్తగారు, పర్వాలేదని మా అమ్మ అన్నారు. తలకు స్కానింగ్ తీయించాలా? మామగారు ముచ్చటపడి చక్రాల వాకర్ కొన్నారు. అందులో కూర్చోబెడితే పడదు కదా?
— ఒక తల్లి, తణుకు

జవాబు: మీరు రాసిన తీరును బట్టి పాప క్షేమంగానే ఉంది. వెంటనే ఏడ్చి, కాసేపటికి తేరుకుని, పాలు తాగి ఆడుకునే బిడ్డను తన మామూలు వేళకు నిద్రపోనివ్వవచ్చు. ఆ రాత్రి రెండు మూడుసార్లు చూసి, ఊపిరి మామూలుగా ఉందో లేదో, కదిపితే కదులుతోందో లేదో గమనిస్తే సరిపోతుంది. 48 గంటలు ఒక కన్ను వేసి ఉంచాలి. పడిన వెంటనే స్పృహ తప్పినా, పదే పదే వాంతులు చేసుకున్నా, లేపినా లేవనంత మత్తుగా ఉన్నా, మూర్ఛ వచ్చినా, ముక్కు నుంచీ చెవి నుంచీ నీళ్ల వంటి ద్రవం గానీ రక్తం గానీ కారినా, ఒక చెయ్యో కాలో కదపకపోయినా, ఏడుపు ఎంతకూ ఆగకపోయినా, నడినెత్తి మీది మెత్తటి భాగం ఉబ్బినా క్షణం ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయండి. ఏడాది లోపు బిడ్డకు నుదుటి మీది బొప్పి కంటే తల పక్కనా వెనుకా వచ్చే మెత్తటి వాపు ఎక్కువ ప్రమాదకరం. అది కనిపిస్తే, బిడ్డ ఆడుకుంటున్నా సరే, వైద్యునికి చూపించాలి. మూడు నెలల లోపు పసికందు ఎలా పడినా చూపించాలి. ఇవేవీ లేనప్పుడు స్కానింగ్ అవసరం లేదు. ఎదిగే మెదడుకు అనవసరపు రేడియేషన్ మంచిది కాదు.

వాకర్‌ను మాత్రం దయచేసి వాడవద్దు. మామగారికి మీరు చెప్పడం ఇబ్బందైతే ఈ పేజీ చూపించండి. కెనడా దేశం 2004లోనే చక్రాల వాకర్ల అమ్మకాన్ని పూర్తిగా నిషేధించింది. అందులో ఉన్న బిడ్డ ఒక్క సెకనులో మూడు అడుగులకు పైగా దూసుకుపోగలదు; పెద్దవారు పక్కనే ఉండి చూస్తున్నా అందుకోలేరు. గోదావరి వరదకు భయపడి ఎత్తు మీద కట్టుకున్న మన ఇళ్లలో వీధి అరుగు నుంచి కిందికి నాలుగైదు మెట్లు ఉంటాయి. వాకర్‌తో సహా దొర్లిన బిడ్డ తల ముందుగా నేలకు తగులుతుంది, ఎందుకంటే ఆ వయసులో ఒంటి బరువులో తల వాటా ఎక్కువ. నడక త్వరగా వస్తుందన్న నమ్మకం కూడా నిజం కాదు. నేల మీద పాకి, పట్టుకుని నిలబడి నేర్చుకునే పిల్లలే నడకలో ముందుంటారు.

మన పెద్దలు బిడ్డ బోర్లా పడితే బొబ్బట్లు, గడప దాటితే గారెలు, అడుగులు వేస్తే అరిసెలు అంటూ ఒక్కొక్క మెట్టుకూ ఒక్కొక్క వేడుక పెట్టారు. ఆ వేడుక చేసిన రోజునే ఇంటిని కొత్తగా చూడాలని నేను తల్లులందరికీ చెబుతుంటాను. బోర్లా పడిన రోజు నుంచి మంచం మీద బిడ్డను ఒంటరిగా వదలకూడదు. దిండ్లు అడ్డుపెట్టడం చాలదు. వాటిని ఎక్కి అవతలకు దొర్లుతుంది. మీరు వంటింట్లోకి వెళ్లేటప్పుడు నేల మీద బొంత పరిచి పడుకోబెట్టండి. గడప దాటిన రోజు నుంచి అరుగు మెట్లకు పైనా కిందా చిన్న గేటు ఉండాలి. అడుగులు వేసే రోజుకు కిటికీల దగ్గర నుంచి బల్లలూ కుర్చీలూ జరపాలి, నూతికి ఇనుప చట్రం మూత పడాలి. పాపను పదిసార్లు "అటు వెళ్లకు" అని గద్దించడం కంటే ఆ గేటు ఒక్కసారి బిగించడం మేలు. పది నెలల బిడ్డకు మాట గుర్తుండదు, గేటు మాత్రం ఎప్పుడూ అక్కడే ఉంటుంది.

ప్రశ్న: మా వీధిలో ఆరేడు డాబాలకు పిట్టగోడలు లేవు. పైన ఇంకో అంతస్తు వేస్తామని ఊచలు అలాగే వదిలేశారు. సంక్రాంతికి పిల్లలంతా గాలిపటాలతో పైనే ఉంటారు. ఎంత తిట్టినా వినరు. ఉపాయం ఉందా?
— భీమవరం నుంచి ఒక తండ్రి

జవాబు: తిట్టడం ఉపాయం కాదని మీకే అర్థమైంది. గాలిపటం ఎగరేసే పిల్లవాడి చూపు ఆకాశం మీద ఉంటుంది, అడుగు వెనక్కి పడుతుంది. అది ఆ ఆటలోనే ఉన్న గుణం, దానికి పిల్లవాణ్ని తప్పుపట్టలేం. మారవలసింది డాబా. న్యూయార్క్ నగరంలో ఒకప్పుడు చిన్నపిల్లలు అపార్ట్‌మెంట్ కిటికీల్లోంచి పడి చనిపోవడం మామూలుగా ఉండేది. 1972లో అక్కడి ఆరోగ్య శాఖ ఇళ్లకు వెళ్లి తల్లిదండ్రులతో మాట్లాడటంతో పాటు కిటికీలకు బిగించే ఊచల చట్రాలను ఉచితంగా పంచింది. 1976లో, చిన్నపిల్లలున్న ఇళ్లకు వాటిని యజమానే బిగించాలని నిబంధన తెచ్చారు. ఆ తరువాత అలాంటి ప్రమాదాలు బాగా తగ్గిపోయాయి. ఆ ఊరి పిల్లల స్వభావం మారలేదు, కిటికీలే మారాయి.

మీ వీధిలో ఆరు ఇళ్ల యజమానులూ కూర్చుని మాట్లాడుకోండి. కనీసం మూడున్నర అడుగుల ఎత్తున పిట్టగోడ కట్టాలి. ఊచల రెయిలింగు అయితే ఊచకూ ఊచకూ మధ్య నాలుగు అంగుళాలకు మించి సందు ఉండకూడదు, అడ్డంగా వేసిన ఊచలు ఉండకూడదు. వాటిని పిల్లలు నిచ్చెనలా ఎక్కుతారు. ఇప్పుడే గోడ కట్టే స్తోమత లేనివారు మెట్ల దగ్గర తలుపు పెట్టి తాళం వేయాలి. పండుగ మూడు రోజులూ పిల్లలను ఊరి చివర కోత అయిన చేలోకి తీసుకువెళ్లేందుకు పెద్దలు వంతులు వేసుకోవాలి. ఆ చేలో పైన కరెంటు తీగలు లేకుండా చూడండి. అట్లతద్దినాడు తెల్లవారుజామున చెట్టుకు ఉయ్యాల కట్టేవారికి కూడా ఒక మాట: కొమ్మ ఎండిందో పచ్చిదో ముందురోజు వెలుతురులో చూసి, కొత్త తాడు కట్టి, పెద్దవారు ఒకరు ఊగి చూశాకే ఆడపిల్లలను ఎక్కించండి. ఉయ్యాల కింద రాళ్లూ వేర్లూ లేకుండా ఇసుక పోయించండి.

ప్రశ్న: మా నాన్నగారికి 82 ఏళ్లు. రేవు మెట్ల మీద జారి పడ్డారు. కాలు పొట్టిగా, బయటకు తిరిగి ఉంది. తుంటి విరిగిందని ఎక్స్‌రేలో తెలిసింది. ఈ వయసులో ఆపరేషన్ ఎందుకని, కట్టు కట్టిస్తే అతుక్కుంటుందని బంధువులు అంటున్నారు.
— రాజోలు నుంచి ఒక కుమారుడు

జవాబు: మీ ఉత్తరం అందిన రోజే ఫోన్‌లో మాట్లాడాను. ఇతర పాఠకుల కోసం ఇక్కడ రాస్తున్నాను. తుంటి విరిగిన వృద్ధునికి ఆపరేషన్ చేసేది ఎముక కోసం మాత్రమే కాదు, ఆయనను మరునాడే లేపి కూర్చోబెట్టి నిలబెట్టడం కోసం. కట్టుతో రెండు మూడు నెలలు కదలకుండా పడుకోబెడితే ఊపిరితిత్తులకు నిమ్ము చేరుతుంది, వీపున పుండ్లు పడతాయి, కాళ్ల రక్తనాళాల్లో గడ్డలు కడతాయి. చాలామంది ప్రాణం తీసేవి ఇవే. ప్రపంచమంతటా వైద్యులు అనుసరించే పద్ధతి ఏమిటంటే, మత్తు ఇవ్వడానికి వీలైతే 48 గంటల లోపు ఆపరేషన్ పూర్తి చేయడం. 80 దాటడం దానికి అడ్డంకి కాదు. నాటు కట్టు బిగువుగా కడితే రక్తప్రసారం ఆగి కాలే తీసివేయవలసి వచ్చిన సందర్భాలు ఉన్నాయి. పిల్లల చేయి విరిగినప్పుడు కూడా ఈ మాట వర్తిస్తుంది.

పడిన మనిషిని చంకల కింద చేతులు వేసి ఒక్క ఊపున లేపకండి. ముందు ఎక్కడ నొప్పి ఉందో అడగండి. మెడలో గానీ తుంటిలో గానీ నొప్పి అంటే, కాలు వంకర కనిపిస్తే, కదపకుండా దుప్పటి కప్పి 108 కోసం ఆగండి. నొప్పి లేదంటే పక్కకు తిరిగి, మోకాళ్లూ చేతుల మీద ఆని, గట్టి కుర్చీ పట్టుకుని, ఒక కాలు ముందుకు వేసి ఆయనంతట ఆయనే లేవనివ్వండి. రక్తం పలుచబడటానికి క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్, అసిట్రామ్ వంటివి వాడేవారికి తలకు దెబ్బ తగిలితే, బాగానే ఉన్నట్టు అనిపించినా అదే రోజు ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. మెదడు పొరల మధ్య రక్తం మెల్లగా చేరి, రెండు మూడు వారాల తరువాత తలనొప్పిగానో, మతిమరుపుగానో, నడక తడబడటంగానో బయటపడవచ్చు.

మరొక సంగతి. నిలబడిన ఎత్తు నుంచి పడితేనే ఎముక విరిగిందంటే ఎముక గుల్లబారిందని అర్థం. ఆపరేషన్‌తో పని అయిపోయిందని ఊరుకోకుండా ఎముకల బలానికి మందు మొదలుపెట్టమని అడగండి. అడగకపోతే ఆ చికిత్స తరచుగా మరుగున పడిపోతుంది.

ప్రశ్న: పడకుండా ఉండాలంటే కాల్షియం మాత్రలు, విటమిన్ డి పొడి వాడమని మా ఊళ్లో అందరూ అంటున్నారు. వాడవచ్చా?
— అమలాపురం పాఠకురాలు

జవాబు: లోపం ఉన్నవారికి అవసరమే. అందరూ అందరికీ చెప్పే విషయం మాత్రం కాదు. 70 దాటిన రెండు వేలకు పైగా ఆస్ట్రేలియా మహిళలపై జరిపి 2010లో ప్రచురించిన పరీక్షలో, ఏడాదికి ఒకేసారి 5,00,000 యూనిట్ల విటమిన్ డి తీసుకున్నవారు తీసుకోనివారి కంటే ఎక్కువసార్లు పడ్డారు, వారి ఎముకలూ ఎక్కువగా విరిగాయి. 60,000 యూనిట్ల పొట్లాలను నెలల తరబడి సొంతంగా కొనుక్కుని వాడటం మంచిది కాదు. పాలు, పెరుగు, రాగి సంకటి, మునగాకు, ముళ్లతో సహా నమిలి తినగలిగే చిన్న చేపలు మన డెల్టాలో అందరికీ అందేవే. 100 గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. వీటితో పాటు పప్పు, గుడ్డు కూడా తగ్గించవద్దు; కండ లేని ఒంట్లో ఎముక ఒక్కటే మనిషిని నిలబెట్టలేదు.

ప్రశ్న: కుడి మోకాలు నొప్పి. చేతికర్ర ఏ చేత్తో పట్టుకోవాలి?
— నరసాపురం పాఠకులు

జవాబు: ఎడమ చేత్తో. కర్రనూ నొప్పి ఉన్న కాలినీ కలిపి ముందుకు వేయాలి. నిటారుగా నిలబడి చేతులు వేలాడదీసినప్పుడు మణికట్టు గీత దగ్గరకు కర్ర పిడి రావాలి. మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి కాలు ముందు. కర్ర అడుగున ఉన్న రబ్బరు అరిగితే వెంటనే మార్చండి; తడి గచ్చు మీద అరిగిన రబ్బరు కర్ర లేకపోవడం కంటే ప్రమాదం.

ప్రశ్న: మా తాతగారు రోజూ కాలువ రేవులోనే స్నానం చేస్తారు. 2027లో పుష్కరాలకు గోదావరిలో మునగాలని ఇప్పటి నుంచే అంటున్నారు. మానిపించాలా?
— ఒక మనుమరాలు, మండపేట

జవాబు: మానిపించవద్దమ్మా. రోజూ రేవుకు నడిచి వెళ్లి, మెట్లు దిగి ఎక్కడమే ఆయన కాళ్లను ఇంతవరకు బలంగా ఉంచింది. ఆ మెట్ల పక్కన ఒక ఇనుప గొట్టం పాతించండి. నీటిలో మునిగే మెట్టు దాకా అది ఉండాలి, ఎందుకంటే పాచి పట్టేది అక్కడే. తాతగారిని హవాయి చెప్పులు వదిలి, మడమకు పట్టీ ఉండి అడుగున గాళ్లున్న రబ్బరు చెప్పులు వేసుకోమనండి. పంచె మోకాళ్ల పైకి మడిచి కట్టుకోమనండి. చలికాలంలో ఎండ వచ్చాక వెళ్లమనండి. పుష్కరాల్లో జనం ఒత్తిడి లేని వేళ చూసుకుని, ఘాట్ మెట్ల మీద మీరు ఆయన కంటే ఒక మెట్టు కింద నడవండి, మీ భుజం ఆయన చేతికి అందేలా. అప్పటికి ఇంకా సమయం ఉంది కనుక, కుర్చీలోంచి లేచి కూర్చునే అభ్యాసం ఈ రోజే ఆయనతో మొదలుపెట్టించండి.